వాగులో వేయని చీటీ

ఈ మాటలు ఎప్పుడో రాయవలసింది. అక్షరాలు రాక రాయలేదని అందరితో అంటాను. అది సగమే నిజం. యాభై రెండో ఏడు వచ్చేదాకా నా పేరు కూడా నేను రాసుకోలేదు. ఎక్కడ అడిగినా బొటనవేలు సిరాలో ముంచి ఒత్తడమే. కాని అక్షరాలు వచ్చి కూడా మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో సరుకుల చీటీలు రాశాను, దుకాణాల బోర్డులు చదివాను, మా వాడలో ఇద్దరు ముసలమ్మలకు మందుల పొట్లాల మీద ఏది పొద్దుటిదో ఏది సాయంత్రానిదో రాసిపెట్టాను. ఇది మాత్రం రాయలేకపోయాను. ఇది రాయాలంటే ముందు ఒకటి చదవాలి. ఆ చదవవలసింది వేలెడంత పొడవున్న ఎండిన ఆకుచుట్ట. బీడీలాగే ఉంటుంది, లోపల తంబాకు మాత్రం ఉండదు, ఒక కాగితం ముక్క ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు దాన్ని ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాను. మొన్న సాయంత్రం విప్పాను.

మొన్న మధ్యాహ్నం నా బిడ్డ స్వరూప ఫోను చేసింది. మహారాష్ట్ర సరిహద్దున బిచ్కుంద దగ్గర ఒక ఊరి దవాఖానాలో నర్సు పని చేస్తుంది. వాళ్ళ నాన్న సాయిలు పోయిన నెల ఎల్లారెడ్డిలో చనిపోయాడు. ఆయనా నేనూ కలిసి ఉండక ముప్పై ఏళ్ళు దాటింది. ఆయన వేరే పెళ్ళి చేసుకున్నాడు. స్వరూప మట్టికి వెళ్ళింది, పదో రోజుకూ వెళ్ళింది. అక్కడినుంచి వచ్చిన తరువాత పొడిపొడిగా మాట్లాడుతున్నది. మొన్న అడిగేసింది.

“అమ్మా, ఒకటడుగుత. కోపం చెయ్యకు.”

“అడుగు బిడ్డా.”

“మనం బాపు దగ్గరికి ఎందుకు పోలే?”

“చీటీల వచ్చింది గద బిడ్డా. దేవుని ముంగట ఉండుమని వచ్చింది.”

“అది ఎరుకే. చిన్నప్పటి సంది అదే చెప్తున్నవ్. అక్కడ చిన్నమ్మ ఏమన్నదో తెలుసా? ‘గంగమణి వద్దన్నదా, దేవుడు వద్దన్నడా, గదే సమజ్ కాలేదు నాకు’ అని బాపు ఊకె అనేటోడంట. చీటీ సంగతి ఇడ్సిపెట్టు. నువ్వేమనుకున్నవ్?”

నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. స్వరూప, “సరే తీ, ఇక్కడ మంది ఉన్నరు” అని ఫోను పెట్టేసింది.

సాయంత్రం వాన పడి వెలిసింది. పక్కింట్లో ఎవరో బీడీలు చుట్టే తునికాకు నానబెట్టారు. ఆ వాసన తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. తడిసిన కట్టె వాసన, కాచి వదిలేసిన తేయాకు వాసన, కొత్త గోనెసంచి వాసన కలిస్తే కొంత దగ్గరికి వస్తుంది. నేను బీడీలు చుట్టడం మానేసి అయిదేళ్ళయింది. అయినా ఆ వాసన గోడ దాటి రాగానే ఒళ్ళో ఉన్న నా చేతి వేళ్ళు కదిలాయి. బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా దొర్లింది. నేను దొర్లించలేదు. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. చూస్తుండగా ఆ వేళ్ళు నావి కావనిపించింది, ఎక్కడో నీళ్ళ అడుగున కదులుతున్నట్టు అనిపించింది. ఆ నీళ్ళలోంచే హలీమా ఖాలా వచ్చి నా ఎదురుగా కూర్చున్నది.

హలీమా ఖాలాను మీరెవరూ చూసి ఉండరు. కామారెడ్డిలో మా వాడ చివర రేకుల ఇంట్లో ఉండేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, వాడంతా ఆమెను అలాగే పిలిచేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కళ్ళద్దాల కాడ ఒకవైపు విరిగిపోతే దాన్ని బీడీ దారంతో చెవికి కట్టుకునేది. భర్త మస్కట్ పోయి అక్కడే కన్నుమూశాడు. ఒక్క కూతురిని బీడీల మీదే పెంచి బీర్కూర్‌కు ఇచ్చింది. ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు మాత్రం ఎవరూ నేర్పలేదు. గోడల మీది రాతలూ దుకాణాల బోర్డులూ చూసి తనే పట్టుకున్నది. అందుకే ఆమె రాస్తే అక్షరాలు బోర్డు మీదివాటిలాగే లావుగా, ఒకదానికొకటి ఎడంగా నిలబడేవి. చదవడం రాని నాకు కూడా అవి ఆమె రాసినవని దూరం నుంచే తెలిసిపోయేది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఏడెనిమిది మంది ఆడవాళ్ళం చాటలు ఒళ్ళో పెట్టుకొని ఆమె ముంగిట్లో చేరేవాళ్ళం. కత్తిరించిన ఆకు తీసుకోవడం, చిటికెడు తంబాకు పరచడం, చుట్టడం, గోటితో మూతి ముడవడం, దారం కట్టడం. కొన్నేళ్ళు చేశాక ఆ పని మనం చేస్తున్నట్టే ఉండదు. కళ్ళు ఎటో చూస్తుంటాయి, నోరు ఏదో చెబుతుంటుంది, బీడీలు మాత్రం చాటలో చేరుతుంటాయి. ఒకరోజు పోశవ్వ ఆ సంగతే ఎత్తింది. మాలో అందరికన్నా పెద్దది పోశవ్వ.

“నా చెయ్యి నా మాట ఇంటలేదే. మొన్న నిద్రల మా ముసలోని వేలు పట్టుకొని చుట్టుతున్ననంట. లేచి ఒక్కటే ఒర్రుడు.”

“దారం గిట్ట కట్టినవా?” అని అడిగింది ఖాలా.

“కట్టేదాన్నే. గంతలనే లేచిండు.”

చాటలు ఒలికిపోయేలా నవ్వాము. నవ్వు తగ్గాక ఖాలా అద్దాలు సర్దుకొని, “అయితే ఒక పని చెయ్యుండ్రి. చుట్టుతున్న బీడీని మధ్యల ఆపుండ్రి. సగం చుట్టినంక ఆపాలె. ఎవలకు చాతనైతదో చూద్దాం” అన్నది.

ఇదేం పెద్ద పని అనుకున్నాము. ఒక్కరికీ చాతకాలేదు. ఆపాలని గుర్తొచ్చేసరికి బీడీ అయిపోయేది. గుర్తు పెట్టుకొని మొదలుపెడితే వేళ్ళు మనల్ని మోసం చేసి ముగించేవి. పోశవ్వ నాలుగుసార్లు చూసి, “ఇది నా చెయ్యి కాదు, కార్ఖానా సేటు చెయ్యి” అని తిట్టి ఊరుకున్నది. తక్కినవాళ్ళు ఆ సంగతే మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. ఎందుకో ఆ పట్టుదల నన్ను పట్టుకున్నది. రోజూ ఎవరికీ చెప్పకుండా ఆపి చూసేదాన్ని. నాలుగో రోజో అయిదో రోజో, ఆగింది. సగం చుట్టిన ఆకు నా వేళ్ళ మధ్య ఆగి, మెల్లగా తనంతట తాను విప్పుకున్నది. తంబాకు చీర కుచ్చిళ్ళలో రాలింది. ఆ కాసేపు నా చుట్టూ ఏ చప్పుడూ లేనట్టయింది. ఎండ, గోడ, ఎదుటి ఇంటి తలుపు అన్నీ ఎవరో అప్పుడే తెచ్చి పెట్టినట్టు కనిపించాయి.

ఖాలా చూసింది. ఆమె ఏదీ చూడకుండా ఉండేది కాదు.

“ఆపినవా? గదీ! చూడు గంగమణీ, ఆకు కంపెనీది, తంబాకు కంపెనీది, దారం కంపెనీది. చుట్టుడు అలవాటుది. ఆపినవ్ చూడు, ఆ జర్రంత నీది.”

పోశవ్వ ఊరుకుంటుందా? “మంచిగున్నది. మరి తంబాకు పారబోసింది గద, దానికెవరు జిమ్మెదార్?”

“అది సుత గంగమణే,” అన్నది ఖాలా. “ఏరుకో బేటీ, ఒక్కొక్క పొడి ఏరుకో.”

మళ్ళీ అందరూ నవ్వారు. నేను ఏరుకుంటూ కూర్చున్నాను. ఆ మాటలు అప్పుడు నాకు నవ్వులాటలాగే ఉన్నాయి.

ఇక చీటీల సంగతి. మా వైపు మనిషికి ఎటూ తోచనప్పుడు రెండు కాగితాల మీద రెండు మాటలు రాయించి, మడిచి, దేవుడి ముందు వేసి ఒకటి తీస్తారు. మా వాడలో ఆ రాసే పని ఖాలాది. హిందువులైనా తురకలైనా ఆమెనే పిలిచేవాళ్ళు. ఎవరి దేవుడి ముందు వాళ్ళు వేసుకునేవాళ్ళు. కాగితాన్ని ఊరికే మడవడం ఆమెకు నచ్చేది కాదు. మడతలో తేడా వేలికి తెలుస్తుందనేది. ఆకులో పెట్టి బీడీలా చుట్టి దారం కట్టేది. ముప్పై ఏళ్ళు చుట్టిన చెయ్యి కదా, రెండూ కవల పిల్లల్లా ఉండేవి. ఆమెకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. పెద్ద సంగతైతే చీటీ ఎవరింట్లో వాళ్ళకే వేయాలి. ఎవరి సంగతి వాళ్ళే తీయాలి. తీసినదాన్ని ఆమె చదివాక పొయ్యిలో వేయాలి. తీయనిదాన్ని విప్పకుండా వాగులో వేయాలి. బర్రెను కొనాలా వద్దా అనేదాని నుంచి, కొడుకును దుబాయ్ పంపాలా వద్దా అనేదాని దాకా ఆ ఆకుచుట్టలే తేల్చేవి.

“నీకోసం నువ్వెందుకు ఏసుకోవు ఖాలా?” అని ఒకసారి అడిగాను.

“నా చీటీ నేనే రాస్తే, తీసినంక నేనే చదువుకోవాలె. చదువొచ్చినోళ్ళకు చీటీలు పనిచెయ్యవు బేటీ” అని నవ్వేసింది.

నన్ను ఎల్లారెడ్డికి ఇచ్చారు. బిడ్డకు పది నెలలున్నప్పుడు సాయిలు దుబాయ్ పోయాడు. మొదటి ఏడాది ఉత్తరాలు వచ్చాయి. తరువాత రాలేదు. అయిదేళ్ళు ఉన్నాడో లేడో తెలియలేదు. అత్తవారింట్లో నా ముద్ద లెక్కలోకి వచ్చే రోజులు మొదలయ్యాక బిడ్డను ఎత్తుకొని కామారెడ్డిలో ఉన్న మా అన్న దగ్గరికి వచ్చాను. ఆయన ఇంటి వెనక గదిలో ఉన్నాను, బీడీలు నేర్చుకున్నాను, స్వరూపను బడిలో వేశాను. అప్పుడు సాయిలు తిరిగి వచ్చాడు. ఆయన చెడ్డవాడని రాస్తే నాకు ఇప్పుడు సులువుగా ఉండేది. కాని కాడు. తాగడు, చెయ్యి చేసుకోడు. అక్కడ పని పోయి, ఇంటికి ఏం రాయాలో తెలియక, సిగ్గుతో ఊరుకున్నాడట. ఇక ఎక్కడికీ పోను, పొలం చేసుకుంటాను, వచ్చేయమని కబురు పంపాడు.

“మొగడు రమ్మంటున్నడు. ఇంకేం గావాలె చెల్లె? రేపు పొద్దుగాల మొదటి బస్సుకు నేనే తోల్కపోత,” అన్నాడు అన్న.

పోతానని అనలేదు, పోనని అనలేదు. నాకు నిజంగా తెలియదు. లోపల వెతికి చూస్తే రెండు మాటలూ దొరికేవి, రెండూ ఒకే బరువుండేవి. పొద్దుగూకుతుండగా వెళ్ళి ఖాలాను పిలుచుకొచ్చాను.

కాగితం, పెన్నూ కొంగున కట్టుకొని వచ్చింది. గడప లోపల కూర్చొని, “రెండు మంచి ఆకులియ్యి” అన్నది. మూలన తడి గోనెసంచిలో చుట్టిన మూట ఉంది. బీడీ ఆకును ముందురోజు సాయంత్రమే నానబెట్టి తడి సంచిలో చుట్టి ఉంచాలి. లేకపోతే మరునాడు కత్తెరకు విరుగుతుంది. ఆ మూట విప్పి రెండు ఆకులు తీసి ఇచ్చాను. ఆమె వాటిని చేతిలో తిప్పి చూసింది.

“తడున్నయి. ఎప్పుడు నానబెట్టినవ్?”

“ఇందాక, పొద్దుమూకంగ.”

“రేపటి పనికా?”

“ఔ.”

“రేపు పొద్దుగాల బస్సు గద నీది?”

నేను తెల్లబోయాను. అన్న చెప్పిన మాట విన్నాను, బిడ్డ బట్టలు సంచిలో సర్దాను, సర్దిన చేతులతోనే రేపటి ఆకు నానబెట్టాను. “చెయ్యికి అలవాటు ఖాలా. యాది లేక నానబెట్టింది” అన్నాను.

“ఆఁ... చెయ్యి” అన్నది. నాకు వీపు తిప్పి, గోడకు కాగితం ఆనించి రాసింది. ఒకదాని మీద ‘ఉండు’, ఒకదాని మీద ‘పో’ అని రాశానని చెప్పింది. చుట్టింది. దారం కట్టింది. గూట్లో పసుపు పూసిన ఎల్లమ్మ ముందు చాటలో వేసి కదిపింది. తను కూడా తల మీద కొంగు కప్పుకొని కళ్ళు మూసుకున్నది. నా చెయ్యి ఒకదాని మీదికి పోయి, ఆగి, రెండోదాన్ని తీసింది. ఖాలా దాన్ని విప్పి దీపం వైపు పట్టుకున్నది. ముందు నా మొహం చూసింది, తరువాత కాగితం చూసింది.

“ఉండు.”

ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో చెప్పలేను. ఆ కాగితం పొయ్యిలో వేసింది. రెండోదాన్ని నా పిడికిట్లో పెట్టి, “పొద్దుగాల వాగుల ఎయ్యి” అన్నది.

మరునాడు అన్న సంచీతో వచ్చాడు. సంగతి చెప్పాను. గూటి వైపు చూసి, చేతులు జోడించి, సంచీ దించాడు. నేను పోనని అంటే మా అన్న కొట్టేవాడు కాదు గాని వినేవాడు కాదు. దేవుడు వద్దన్నాడంటే విన్నాడు. ఆ రోజు పెద్ద వాన. వాగు దాకా పోలేక ఆ చుట్టను బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. ఎల్లుండి వేద్దాం, వచ్చే వారం వేద్దాం అనుకుంటూ ఉండిపోయాను.

మూడు నెలలకు సాయిలు తనే వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్టు మీద కూర్చొని చాయ్ తాగాడు. స్వరూప తల మీద ఒకసారి చెయ్యి పెట్టి తీశాడు. ఎండలో పనిచేసి చేసి ఆయన చేతులు ముసలివాళ్ళ చేతుల్లా అయ్యాయి.

“చీటీల వచ్చిందంట గద?” అన్నాడు.

“ఔ.”

“మల్లొకసారి ఎయ్యరాదా?”

“గట్ల ఎయ్యద్దు.”

ఖాళీ గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పాడు. “చీటీ ఇడ్సిపెట్టు గంగమణీ. నీకు ఇష్టం లేదంటే చెప్పు. కోపం చెయ్య. లేచి పోత. ఉన్నదంటే సుత చెప్పు. నీ నోటితోని చెప్పు,” అన్నాడు.

“చీటీల వచ్చింది,” అన్నాను.

గ్లాసు మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు ఆయన పెళ్ళి అయిందని తెలిసింది. ఆ రోజు కూడా మామూలుగానే బీడీలు చుట్టాను.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం ఖాలాతో, “ఆ రెండో చీటీ వాగుల ఎయ్యనే లేదు ఖాలా. డబ్బల్నే ఉన్నది. ఏమన్న దోషమా?” అని అడిగాను. ఆమె చేతులు ఆగాయి. ఎవరితో మాట్లాడుతున్నా, ఎవరు చచ్చినా పుట్టినా ఆగని చేతులు అవి. సగం చుట్టిన బీడీ అలాగే ఉండిపోయింది.

“ఉండనియ్యి,” అన్నది. “ఎవలతోని చదివించకు. నీకు చదువొచ్చినంక నువ్వే చదువుకో.”

“నాకా? చదువా?” అని నవ్వాను.

చాటలో తంబాకు పొడి చేత్తో సమంగా పరిచి, వేలితో ఏదో అక్షరం రాసి నా ముందుకు జరిపింది. దిద్దమన్నది. నేను సిగ్గుపడి చాట ఊపేశాను. అక్షరం పోయింది. తరువాత కూడా రెండు మూడుసార్లు అలాగే రాసింది, అలాగే ఊపేశాను. ఇప్పుడు తలచుకుంటే ఆమె దిద్దమన్నది నా చదువు కోసం కాదేమో, తన మాట తను ఎప్పటికైనా నాకు చెప్పుకోవాలనేమో అనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ కింద బీర్కూర్‌లో కూతురి ఇంట్లో కన్నుమూసింది. నేను వెళ్ళేసరికి మట్టి అయిపోయింది.

ఆమె పోయిన అయిదేళ్ళకు, మా వాడ బడి వరండాలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు చదువు చెబుతున్నారంటే వెళ్ళాను. పలక మీద నా చెయ్యి మొదట బీడీ చుట్టినట్టే తిరిగేది. ఆరు నెలలకు కూడబలుక్కొని చదవడం వచ్చింది. డబ్బా మాత్రం తెరవలేదు. లోపల ఉన్నది ‘పో’ అనే మాట, ఎల్లమ్మ వద్దన్న దారి. తెలిసినదాన్ని చదవడానికి భయమెందుకు? అయినా భయపడ్డాను. పని అని, పండుగ అని, అలసట అని వాయిదా వేశాను.

మొన్న, తడి ఆకు వాసనలో, డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. దారం ముట్టుకోగానే తెగింది. ఆకు పొడిపొడిగా రాలింది. కాగితం పసుపు రంగు తిరిగింది. దాని మీద, బోర్డు మీది అక్షరాల్లా లావుగా, ఎడంగా, ఒక మాట.

ఉండు.

ఒకసారి కాదు, పదిసార్లు చదివాను. పలక తెచ్చుకొని అదే మాట రాసి పక్కన పెట్టి చూశాను. చదవడం సరిగ్గా రాలేదేమోనని. వచ్చింది. రెండు కాగితాల మీదా ఆమె ‘ఉండు’ అనే రాసి ఉండాలి. లేదా నేను తీసింది ‘పో’ అయి ఉండాలి, దీపం దగ్గర ఆమె ‘ఉండు’ అని చదివి ఉండాలి. చదివినది పొయ్యిలోకి, చదవనిది వాగులోకి. ఆ కట్టుబాట్లు ఎందుకో ఇన్నేళ్ళకు తెలిసింది. మా వాడలో ఎన్ని బర్రెలు, ఎంతమంది కొడుకులు ఆమె చేతి మీదుగా కదిలారో!

ముందు కోపం వచ్చింది. ఒక మనిషి భర్తను, ఒక పిల్ల తండ్రిని నువ్వెవరు తీసేయడానికి అని, లేని మనిషితో పైకే అన్నాను. కోపం చల్లారాక ఆ సాయంత్రం తిరిగి వచ్చింది. చేతిలో రెండు తడి ఆకులు తిప్పుతూ, “ఆఁ... చెయ్యి” అన్న గొంతు. ఆమె రాసింది తన మాట కాదు. నా గదిలో మూలన, తడి సంచిలో ఉన్న మాట. పోయే ఆడది రేపటికి ఆకు నానబెట్టదు. నాకు తెలియకముందే నా చేతులకు తెలుసునని ఆమె అనుకున్నది.

అయితే అది నా ఇష్టమేనా? అక్కడే నా తల తిరిగిపోతుంది. ఏళ్ళ తరబడి రోజూ పొద్దుగూకగానే నానబెట్టిన చెయ్యి ఆ రోజూ నానబెట్టింది. ఊరికే అలవాటు కావచ్చు. గడియారం తిరిగినట్టు. పోశవ్వ ముసలాయన వేలు చుట్టినట్టు. అలవాటును చూసి ఖాలా ఇష్టమనుకుంటే, నా బతుకంతా ఒక మూట తడి ఆకు నిర్ణయించినట్టే. పోనీ, ఎల్లారెడ్డిలో తలవంచుకొని తిన్న ముద్దలు నిర్ణయించాయా? బడి నుంచి వచ్చి పాఠం అప్పజెప్పే పిల్ల గొంతు నిర్ణయించిందా? మా అమ్మ నన్ను కన్నప్పుడే నా మొండితనం కూడా కన్నదా? ఇవన్నీ తీసేస్తే ‘నేను’ అనేది ఎక్కడ మిగులుతుంది? ఉల్లిగడ్డ పొరలు తీసినట్టు తీస్తూ పోయాను. చివరికి చేతిలో ఏమీ లేదు, కళ్ళలో నీళ్ళు మాత్రం ఉన్నాయి.

నాకు చాలా ఏళ్ళుగా ఒక కల వస్తుంది. తెల్లవారుజామున, సగం మెలకువలో. అందులో ఆ మొదటి బస్సు ఎక్కిన గంగమణి ఉంటుంది. ఎల్లారెడ్డిలో ఆ ఇంటి ముందు పేడనీళ్ళ సాన్పు చల్లుతుంటుంది. సాయిలు పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటాడు. ఆమె నాకన్నా కొంచెం లావుగా ఉంటుంది, ఆమె వేళ్ళకు తంబాకు వాసన ఉండదు. నేను రోడ్డు మీద నిలబడి, “సుఖంగ ఉన్నవా?” అని అడుగుతాను. ఆమె ఎప్పుడూ ఒకే మాట అంటుంది. “నాదేమున్నది అక్కా, చీటీల వచ్చింది.” ఆ మాటకు మెలకువ వస్తుంది.

మొన్న కూర్చొని ఆలోచిస్తే ఒక్కటే తేలింది. ఆ సాయంత్రం చీటీ ఎవరు రాశారో, చెయ్యి ఎవరి మాట విన్నదో నేను ఎన్నటికీ తేల్చలేను. కాని మూడు నెలల తరువాత మెట్టు మీద కూర్చొని ఒక మనిషి, “నీ నోటితోని చెప్పు” అన్నాడు. అప్పుడు చీటీ లేదు, ఖాలా లేదు. నాకు నిజంగా ఇష్టం లేదు. అది నాకు అప్పుడు స్పష్టంగా తెలుసు. ఆయన్ను చూడగానే తెలిసింది. అయినా నోరు, వేళ్ళు బీడీ ముగించినట్టు, అలవాటైన మాట ముగించింది. ఆపగలిగేదాన్ని. ఎలా ఆపాలో అప్పటికే ఒకరు నేర్పారు. ఆపలేదు. ఆయన బతికినన్నాళ్ళూ జవాబు లేకుండానే ఉన్నాడు. ఆ రాలిన పొడి మాత్రం నాదే, ఎంత ఏరినా ఇప్పుడు చేతికి రాదు.

నిన్న పొద్దున్నే స్నానం చేసి, ఆ కాగితం కొంగున ముడివేసుకొని బస్టాండుకు వెళ్ళాను. ఎవరినీ అడగలేదు. వరుసగా నిలబడ్డ బస్సుల బోర్డులు నేనే చదివి ఎక్కాను. బిచ్కుందకు పోయేటప్పుడు బస్సు ఎల్లారెడ్డిలో ఆగుతుంది. ఇన్నేళ్ళూ ఆ ఊరు రాగానే కళ్ళు మూసుకునేదాన్ని. నిన్న కిటికీ పక్కన కూర్చొని కళ్ళు తెరుచుకునే ఉన్నాను. ఎవరో ఒకామె వాకిట్లో సాన్పు చల్లుతున్నది. నా కలలో మనిషి కాదు, ఎవరో పరాయి మనిషి. బస్సు కదిలింది.

స్వరూప దవాఖానాలో ఒక ముసలామెకు మరాఠీలో ఏదో సర్దిచెబుతూ, చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూస్తున్నది. నన్ను చూసి బిత్తరపోయింది.

“ఏందమ్మా, చెప్పకుండ వచ్చినవ్? పానం మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్నది. నిన్న నువ్వడిగినవ్ గద.”

“గందుకోసం ఇంత దూరం వచ్చినవా? ఫోన్ల చెప్తే అయిపోవు గద!”

ముసలామెను పంపించి, నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడింది. నేను నోరు తెరిచాను. “చీటీల వ...” అని వచ్చింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు. సగంలో ఆపాను. ఆగింది. అదే నిశ్శబ్దం మళ్ళీ నా చుట్టూ వచ్చి నిలబడింది. కిటికీ, మందుల అలమారు, నా బిడ్డ మొహం, తండ్రి పోలికతో ఉన్న ఆ గడ్డం, అన్నీ అప్పుడే తెచ్చి పెట్టినట్టు కనిపించాయి.

“చీటీ కాదు బిడ్డా. నేనే పోలే. నాకు ఇష్టం లేకుండె. మీ బాపు అడిగితే చెప్పలే.”

కొంగు ముడి విప్పి కాగితం ఆమె చేతిలో పెట్టాను. చదివింది. వెనక్కి తిప్పి చూసింది, మళ్ళీ చదివింది. బల్ల మీద నా పక్కన కూర్చున్నది. బయట ఎవరో పిలిస్తే, “జర ఆగుండ్రి” అని కేక వేసింది.

తరువాత, “ఇగ మొదటి సంది చెప్పు” అన్నది.

తడి ఆకు దగ్గర మొదలుపెట్టాను.